పాప పుట్టినరోజు పార్టీ

మంచిర్యాల పక్కన బొగ్గుగనుల కాలనీ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు లెక్కలే! పాపకు నాలుగేళ్లు నిండబోతున్నాయి. భర్తగారికి ఫంక్షన్ హాలు తీసుకొని, తనతో పనిచేసే వాళ్లందరినీ పిలిచి ఘనంగా చేయాలని వుందట. డబ్బు కోసం, కడుతున్న చిట్టీని పాట పాడి ఎత్తుదామంటున్నారట. అత్తగారికి ఈ హాళ్లూ, కేకులూ పట్టవు. "గా కేకు కోసుడు నాకెందుకు బిడ్డా! పిల్ల కడుపుల వున్నప్పుడే రాజన్నకు కోడె కడ్తనని మొక్కిన. ముందుగాల గది తీర్చుండ్రి" అంటున్నారట. ఈవిడకు మాత్రం క్వార్టరు ముందే, పదిమంది పిల్లలతో చేసుకోవాలని కోరిక.

అసలు చిక్కు చివరి పేజీలో, అదీ చివరి రెండు పంక్తుల్లో వుంది. ఆ వారం భర్తగారిది రెండో షిఫ్టు. మధ్యాహ్నం గనికి పోతే తిరిగి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. "కిందటేడు కేకు కోసినప్పుడు గూడ వాళ్ల బాపు లేడక్కా. ఫోటోలన్నిట్ల నేను, మా అత్తమ్మ, పక్కింటోళ్లే వున్నం" అని రాశారు.

ఆ రెండు పంక్తులు చదివాక, మిగిలిన ఉత్తరాలు వచ్చే వారానికి వాయిదా వేసి, ఈ వారం శీర్షిక అంతా ఈ చెల్లెలికే ఇస్తున్నాను. కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి, నిర్మల్ నుంచి కూడా ఇటువంటి ప్రశ్నలే వస్తుంటాయి. వారూ దీన్ని తమకు రాసిన జవాబే అనుకోవచ్చు.

ముందు చిట్టీ సంగతి. అవసరం వచ్చినప్పుడు చిట్టీ ఎత్తుకోవడం తప్పేమీ కాదు. అందుకే గదా కట్టేది! కాని మొదటి నెలల్లో పాట పాడి ఎత్తితే తగ్గింపు పోగా చేతికి వచ్చేది ఎంతో లెక్క వేసుకోండి. డబ్బు ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. కిస్తీ మాత్రం చిట్టీ ముగిసేదాకా నెలనెలా కట్టాలి. పాప అయిదో పుట్టినరోజు వచ్చేసరికి నాలుగో పుట్టినరోజు బాకీ ఇంకా నడుస్తూ వుంటుంది. బడి ఫీజుకో, ఎవరికైనా జ్వరం ముదిరితే ఆస్పత్రికో ఆ చిట్టీ పనికివచ్చేది. వారితో ఈ మాట కేకు ముచ్చట వచ్చినప్పుడు కాకుండా, జీతం వచ్చిన రోజున, కాగితమూ పెన్సిలూ పక్కన పెట్టుకొని చెప్పండి. "నీకేం తెలుసు" అనే మాట అప్పుడంత తొందరగా రాదు.

ఇక హాలు. కరీంనగర్‌లో ఇలాంటి పార్టీలకు నేను చాలానే వెళ్లాను. కార్డు మీద ఏడు గంటలని వుంటుంది. ఎనిమిదిన్నరకు గాని జనం రారు. ముఖ్యమైన వారెవరో రావాలని తొమ్మిదిన్నర దాకా కేకు ఆగుతుంది. పిల్లకు గుచ్చుకొనే జరీ గౌను, తల మీద కిరీటం, చెవుల్లో హోరుమనే పాటలు! చివరకు కేకు దగ్గరకు వచ్చే వేళకు తండ్రి భుజం మీద నిద్రపోయి వుంటుంది. నిద్రలోనే చెయ్యి పట్టి కత్తి మీద పెట్టి కోయిస్తారు. అందరూ చప్పట్లు కొట్టగానే ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఏడుపు! "నజరు తగిలింది" అని ఒకామె దిష్టి తీయమంటుంది. నజరు కాదమ్మా, నిద్ర! మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. రాత్రి తొమ్మిదిన్నర వాళ్లకు అర్ధరాత్రే.

అందుచేత నేను చెప్పేదేమంటే, పార్టీ పొద్దున పెట్టండి. ఆదివారం పొద్దున పది గంటలకు మొదలుపెట్టి పన్నెండుకు ముగించండి. ఆ వేళకు పిల్లలు లేచి, స్నానం చేసి, పాలు తాగి హుషారుగా వుంటారు. ఆదివారం వారికి సెలవైతే సరే. ఒకవేళ ప్లేడే డ్యూటీ పడిందని రెండో షిఫ్టుకు పోవలసి వచ్చినా, పది గంటలకు ఆయన ఇంట్లోనే వుంటారు. కేకు కోసి, భోజనం చేసి, టిఫిను డబ్బా పట్టుకొని మరీ వెళ్తారు. ఆ షిఫ్టు జాబితా ఎప్పుడు వేస్తారో ముందే కనుక్కొని, ఆ తరువాతే పిల్లల తల్లులకు కబురు చేయండి. వారు మొదటి షిఫ్టులో వున్న వారమైతే మాత్రం సాయంత్రం నాలుగున్నరకు పెట్టి, ఆరున్నరకు ముగించండి. అంతకు మించి ఒక్క నిమిషం పొడిగించవద్దు.

"తారీఖు దాటిపోతుంది గదా!" అని అత్తగారంటారు. అనవలసిందే. కాని ఏ తారీఖు? పెద్దవాళ్లు చూసేది తిథి. బడివాళ్లు చూసేది ఇంగ్లీషు తేదీ. ఈ రెండూ కలిసి నడవవు. 2022లో వసంత పంచమినాడు పుట్టిన పాపను తీసుకోండి. ఆ రోజు ఫిబ్రవరి 5. మరుసటి ఏడు అదే పంచమి జనవరి 26న వచ్చింది. 2024లో ఫిబ్రవరి 14న వచ్చింది! మన చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే గనుక ఏటా పదకొండు రోజులు వెనక్కు జరుగుతుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో మళ్లీ ఒక్కసారిగా ముందుకు దూకింది. ఇట్లా ముందుకూ వెనక్కూ జరిగి జరిగి, పంతొమ్మిదేళ్లకు గాని తిథీ తేదీ మళ్లీ కలవవు. అంటే ఈ పాప పంతొమ్మిదో పుట్టినరోజు దాకా అత్తగారి లెక్కా మీ లెక్కా ఇంచుమించు వేరువేరే. ఇద్దరికీ గొడవెందుకు? తిథినాడు ఇంట్లో దీపం పెట్టి, పాపకు తలంటి, పరమాన్నం వండి, నాయనమ్మ చేత అక్షింతలు వేయించండి. తేదీ నాడు కొత్త గౌను వేసి, చాక్లెట్లిచ్చి బడికి పంపండి. పిల్లల పార్టీ ఆదివారం. నాలుగేళ్ల పిల్లకు పుట్టినరోజు మూడుసార్లు వస్తే అభ్యంతరం వుంటుందంటారా?

తారీఖు ముచ్చట వచ్చింది గనుక ఒక పక్కమాట. మా తరం వారిలో చాలామందికి అసలు పుట్టినరోజే తెలియదు. బడిలో వేసిన రోజున పంతులుగారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి ఒక తేదీ రాసేవారు. ఉద్యోగమూ, పింఛనూ, చివరకు ఆధార్ కార్డూ ఆ తేదీ మీదనే నడిచాయి. జూన్ నెలలో పుట్టినవాళ్లు మా వైపు అంతమంది వుండడానికి కారణం ఆ నెలలో బడులు తెరవడమే! ఇప్పుడట్లా కుదరదు. 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలుకొని అన్నిటికీ జన్మ ధ్రువపత్రమే ఆధారం. జననాన్ని 21 రోజుల లోపల తెలియజేయాలని చట్టం. మనం కూడా ఇరవై ఒకటో రోజునే గదా తొట్టెల వేసేది! కడుపులో మరో బిడ్డ వున్న చెల్లెళ్లు ఈ రెండు పనులూ కలిపి గుర్తుపెట్టుకోండి.

కోడె మొక్కు విషయం. వేములవాడ రాజన్నకు మొక్కుకొన్నవారు కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారని మన వైపు వారికి చెప్పనక్కరలేదు. అత్తగారు ఆ మాట పాప పుట్టకముందే ఇచ్చారు; దాన్ని పార్టీకి పోటీగా చూడకండి. అయితే ఒకే రోజున వేములవాడా, కేకూ రెండూ పెట్టుకోవద్దు. తెల్లవారుజామున లేపి, బస్సులో తిప్పి, వరుసలో నిలబెట్టి, ఎండలో ఇంటికి తెచ్చిన పిల్ల సాయంత్రం ఎవరితో ఆడుతుంది? మొక్కుకు వేరే రోజు చూడండి. రానూపోనూ ఖర్చు కూడా హాలు అద్దెలో ఏ మూలకు? ఆ మాట భర్తగారితో అనే పని అత్తగారికే అప్పగించండి. తల్లి మాటకు ఆయన బదులు చెప్పలేరు! బాసరలో అక్షరాభ్యాసం చేయించాలనుకొనే నిర్మల్, ఆదిలాబాద్ చెల్లెళ్లకూ ఇదే మాట. వసంత పంచమి రద్దీలోనే వెళ్లాలని లేదు. అక్కడ మిగతా రోజుల్లోనూ చేయిస్తారు.

ఎవరిని పిలవాలి? పిల్ల వయసుకు ఒకటి కలిపితే ఎంతో అంతమంది పిల్లలు చాలునని పట్నాల్లో ఒక లెక్క చెబుతారు. నాలుగేళ్ల పిల్లకు అయిదుగురన్నమాట. కాలనీ లైనులో అది సాగే పని కాదు. ఎదురింటి పిల్లను పిలిచి పక్కింటి పిల్లను మానేస్తే ఏడాదంతా నీళ్ల దగ్గర మాటలు పడాలి. పది పన్నెండుమంది దాకా పిలవండి, వారితో తల్లులనూ రమ్మనండి. ఇంట్లో పనిచేసే ఆమె కూతురు ఆ వయసుదే అయితే ఆమెనూ పిలవండి. కాని ఆ రోజు తల్లి చేత గిన్నెలు తోమిస్తూ కూతుర్ని పాటకు చప్పట్లు కొట్టమనవద్దు. ఆ పూట గిన్నెలు మీరూ మీ ఆడబిడ్డా తోముకోండి, ఆమె కూడా అందరి తల్లులతోపాటు కుర్చీలో కూర్చుంటుంది.

కానుకల దగ్గర మరో మాట చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. పెళ్లిళ్లలో కట్నాలు రాసే పుస్తకం వుంటుంది చూశారా, ఫలానా వారు అయిదు వందల పదహార్లు అని? ఆ పుస్తకం ఈ మధ్య పసిపిల్లల పుట్టినరోజుల దాకా వచ్చింది. గుమ్మంలో ఒక బాబాయి పెన్ను పట్టుకొని కూర్చుంటాడు. పెళ్లికైతే దానికొక అర్థముంది. ఒక ఇంటి బరువును పది ఇళ్లు మోస్తాయి, వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు తిరిగి పెడతాం. పుట్టినరోజు ఏటేటా వచ్చేది. ఆ పుస్తకంలో పేరు ఎక్కాలంటే నెలాఖరులో చెయ్యి బదులు తీసుకొనేవాళ్లు ప్రతి లైనులోనూ వుంటారు. అటువంటి తల్లి తన పిల్లకు "కడుపునొప్పి" అని చెప్పి పార్టీకి పంపకుండా ఆపుతుంది. పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. కనుక పుస్తకం పెట్టకండి. "ఏమీ తేవద్దు" అంటే మనవాళ్లు వినరు, నాకూ తెలుసు. "తెస్తే పిల్ల చేతితో గీసిన బొమ్మ ఒకటి తెమ్మను" అని తల్లితో చెప్పి చూడండి. కొందరు మాట వింటారు. విననివారు తెచ్చిన పొట్లాలు అందరి ముందూ విప్పవద్దు. లోపల మంచం మీద పెట్టేయండి.

పాపకు మీరు కొనే బొమ్మ సంగతి అడిగారు. అంత దగ్గరలో నిర్మల్ పెట్టుకొని ప్లాస్టిక్ కారు ఎందుకు? పొనికి కర్ర చాలా తేలిక. దాన్ని చెక్కి, అతుకులకు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద పట్టించి, రంగులు వేస్తారు. జింకో, చిలుకో ఒక్కటి చాలు. అయితే అవి చూసుకొనే బొమ్మలు, విసిరితే విరుగుతాయి. గూట్లో పెట్టి, ఏటా ఒకటి చేర్చుకుంటూ పోతే పాప పెద్దదయ్యేసరికి ఒక చిన్న అడవి తయారవుతుంది. ఆడుకోవడానికి బంతి కొనండి. వచ్చిన పిల్లలకు తిరుగు కానుకగా రంగు సుద్దముక్కల డబ్బా ఒక్కొక్కటి ఇవ్వండి. అది చాలు. వెళ్లేటప్పుడే ఇవ్వండి సుమా, ముందిస్తే మీ గోడలన్నీ బొమ్మలే!

తిండి ఇట్లా పెట్టుకోండి. పిల్లల చేతిలో ఇమిడేది, కింద పడితే మరక కానిది కావాలి. ఈ విషయంలో మన సకినాన్ని మించింది నాకు కనిపించలేదు. వామూ, నువ్వులూ వేసిన బియ్యప్పిండి చుట్లు. పిల్ల వేలికి ఉంగరంలా తగిలించుకొని కొరుక్కుంటూ తిరుగుతుంది. చిన్నపిల్లలకని పిండిలో కారం వేయకండి, చుట్లు సన్నగా రెండే తిప్పండి. సంక్రాంతికి కలిసి చేసుకొనే నలుగురినీ రెండు రోజుల ముందే పిలిస్తే ఒక్క పూటలో అయిపోతుంది. పులిహోర, పెరుగన్నం, అరటిపండు. కిలో కేకు పిల్లలకు సరిపోతుంది. పెద్దలకు కేకు లేదని ముందే అనుకోండి, చాయ్ ఇవ్వండి. వెంట వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ వుంటారు గనుక పల్లీలు, పల్లిపట్టి, గట్టి చాక్లెట్టు బిళ్లలు అందుబాటులో పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షపండ్లు పెడితే నిలువుగా కోసి పెట్టండి. ఏడాది నిండని పాపకు తేనె నాకించవద్దు, ఎవరు ముద్దుగా పెట్టబోయినా సరే.

కొవ్వొత్తుల సంగతి అత్తగారు అడగనే అడుగుతారు: "పుట్టిన్నాడు దీపం ఆర్పుడేంది?" అని. జర్మనీ దేశంలో పద్దెనిమిదో శతాబ్దంలోనే పిల్లల కేకు మీద కొవ్వొత్తులు వెలిగించేవారు. అక్కడి ఆచారం అక్కడిది. నా అభ్యంతరం వేరు. అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వారు 2017లో పరీక్షించి చూస్తే, ఊదిన తరువాత కేకు క్రీము మీద సూక్ష్మక్రిములు సగటున పద్నాలుగు రెట్లయ్యాయట. దానివల్ల జబ్బులు వస్తాయని వారనలేదు గాని, నాలుగేళ్ల పిల్ల ఊదడమంటే సగం ఉమ్మే! పాప ముందు ఒక చిన్న కప్పు కేకు పెట్టి, కొవ్వొత్తి దాని మీద పెట్టండి. పెద్ద కేకును పక్కన మీరు కోయండి. దేవుడి దగ్గర అత్తగారు పెట్టిన దీపం వెలుగుతూనే వుంటుంది, ఆమెకూ తృప్తి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. డబ్బాలోంచి నురుగు చిమ్మే స్ప్రే ఇంట్లోకి రానివ్వద్దు. దానిలోని గ్యాసుకు నిప్పంటుకొనే గుణం వుంటుంది. కొవ్వొత్తి వెలుగుతూ వుండగా పిల్ల జుట్టు మీద చిమ్మితే భగ్గుమంటుంది. పైకి ఎగిరే గ్యాసు బుగ్గలు కూడా వద్దు. బజారులో చాలాసార్లు వాటిలో నింపేది హైడ్రోజను, అదీ మండేదే. నోటితో ఊదిన బుగ్గలు గోడకు ఎత్తుగా కట్టండి. పగిలిన ముక్కల్ని వెంటనే ఏరేయండి, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆడదు.

ఆటలంటే కుర్చీలాట అనుకొంటారు అందరూ. నాలుగేళ్ల వాళ్లకు "నువ్వు అవుటు" అంటే అర్థం కాదు, అర్థమైతే ఏడుస్తారు. మొదట అవుటైన పిల్ల చివరిదాకా మూల కూర్చోవాలి కూడానూ. దానికన్న ముంగిట్లో ఒక పీట వేసి, దాని మీద పళ్లెంలో నాలుగు బంతిపూలు పెట్టి, బతుకమ్మ ఆడినట్టు చుట్టూ తిప్పండి. వంగి చప్పట్లు కొడుతూ తిరగడం మన వైపు నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. మగపిల్లల్నీ కలపండి. పాట ఏదైనా సరే. అందులో గెలిచేవాడూ లేడు, ఓడేవాడూ లేడు, అలిసినవాళ్లు వచ్చి అమ్మ ఒళ్లో కూర్చుంటారు. ఆ పది నిమిషాలూ వాళ్ల బాపును కూడా ఆ చుట్టులో నిలబెట్టి ఫోటో తీయించండి.

మరొకటి. పాటల కోసం పెద్ద స్పీకరు అద్దెకు తెస్తానని మీ మరిది అన్నాడని రాశారు. తేవద్దు. ఆదివారం పొద్దున పది గంటలంటే, మీ లైనులో కనీసం రెండు మూడిళ్లలో శనివారం రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనుషులు తలుపులు మూసుకొని పడుకొని వుంటారు. వాళ్ల పిల్లలు మీ ఇంట్లోనే వుంటారు గనుక ఆ పూట వాళ్లకు మంచి నిద్ర దొరుకుతుంది. సాయంత్రం వాళ్లు లేచి మొహం కడుక్కొనే వేళకు, పాప చేతికి సకినాల డబ్బా ఇచ్చి ఆ రెండు మూడిళ్లకూ పంపండి.